చెరువునకు పండ్రెండవ అంగము

(కమలాపురము పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న యీ ఊరు నీటికి పేదది గాని నదులకు పేదది కాదు. దక్షిణమునుండి పాపఘ్ని వచ్చి పెన్నలో కలియుచున్నది. ఉత్తరమునుండి, ఎఱ్ఱమల నల్లమలల నడిమి పల్లమునందలి వంకలన్నింటిని కూడగట్టుకొని, కుందేరు వచ్చి యదే పెన్నను చేరుచున్నది. ఇన్ని నదులు మన సమీపముననే సంగమించుచుండగా, వేసవి వచ్చినతోడనే మన స్త్రీలు బిందెలు ముందుంచుకొని ట్యాంకరు బండి త్రోవ చూచుచుందురు. ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా మనది. ఆ వానయు నెలనెలకు పంచినట్లు రాదు. నాలుగు తుపానులలో కుమ్మరించిపోయి, మిగిలిన దినములలో మొగము చాటువేయును. ఇట్టి సీమలో నీటిని నిలుపుట మనుష్యుని పని. ఆ పని యెవరి నడిగి చేయవలెను, చేసినపిదప ఎవరి చేతిలో నుంచవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

పాపఘ్ని యను పేరునకు పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. ఈ ప్రాంతపు రాజొకడు కొండలలో తపస్సు చేసికొనుచున్న చెంచు నొకని చంపెననియు, ఆ పాపమున కుష్ఠురోగియై, తుదకు ఈ నదీతీరమున తపించి విముక్తుడయ్యెననియు, అందుచే నదికి పాపఘ్ని యను పేరు కలిగెననియు చెప్పుదురు. దీనిని చరిత్రమని మేము చెప్పబోము. కాని మన నది పేరులోనే అడవి మనుష్యునికి జరిగిన అన్యాయము దాగియున్నదని గమనింపుడు. రాజునకు రోగము నయమైనది. చంపబడిన చెంచు సంగతి కథలో మఱల రాదు.

ఇక చరిత్రమునకు వత్తము. మనకు ఈశాన్యమున, నల్లమల వెలికొండల నడిమి లోయలో పోరుమామిళ్ళ కలదు. అచ్చటి చెరువును 1369వ సంవత్సరమున, విజయనగరాధీశుడైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, ఉదయగిరి రాజ్యము నేలుచున్న కాలమున కట్టించెను. భవదూరుడనియు ఆయనకు పేరు. చెరువునకు అనంతరాజసాగరమని పేరు పెట్టి, సంస్కృత శ్లోకములలో శాసనము వేయించెను. దేశమున రాజులు చెరువులు త్రవ్వించిన శాసనములు వేలకొలది యున్నవి. వానిలో పెక్కింట రాజు బిరుదములు ముప్పాతిక, చెరువు పాతిక. ఇది యట్టిది కాదు. వేయిమంది కూలీలు దినదినము పనిచేసిరనియు, తూములకును రాతిపనికిని నూఱు బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు లెక్క చెప్పుచున్నది. అంతకు మించి, మంచి చెరువునకు పండ్రెండు అంగములు, చెడ్డ చెరువునకు ఆఱు దోషములు అని శాస్త్రము చెప్పినది.

దోషములను ముందు విందురుగాక. కట్టనుండి నీరు ఊరిపోవుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై పారవలసిన భూమి విస్తారమగుట, భూమి కొంచెమై నీరు మిక్కిలి యగుట. ఆఱువందల యేబదియేండ్లకు వెనుక వ్రాసిన మాటలివి. పొలిమేర దోషమును చదివినప్పుడు కృష్ణా, తుంగభద్రా జలములకై రాష్ట్రములు తీర్పరుల ముంగిట గడపిన దశాబ్దములు మీకు జ్ఞప్తికి రావా? నీరు కొంచెము, ఆయకట్టు విస్తారము అను దోషమును చదివినప్పుడు, కాగితముపై లక్ష యెకరములు, కాలువ చివర ఎండిన మడియు కలిగిన మన యెన్ని పథకములు కన్నులకు కట్టవు?

ఇక అంగములు. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడునగు రాజు మొదటిది. జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు రెండవది. గట్టి జిగటమన్ను మూడవది. మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీయని నీటి నది నాలుగవది. ఆనుకొన్న కొండలు, మిక్కిలి పొడవు కాని గట్టి రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, తిన్నని పొడుగాటి రాళ్ళు దొరకు గని, పల్లమై చదునైన సారవంతపు పొలములు అని యిట్లు చెప్పుకొనిపోయి, పండ్రెండవ అంగముగా చెరువు కట్టు విద్యలో ఆరితేరిన జనసమూహమును పేర్కొన్నది.

కూలీల గుంపని చెప్పలేదు, చూడుడు. విద్య యెఱిగినవారనెను. రాజు లేనిది చెరువు లేనట్లే, మట్టిపని యెఱిగినవాడు లేనిది చెరువు లేదని ఆ శాసనకారుడు అదే పట్టికలో వ్రాసెను. మొదటి అంగమునకు మన కాలమున కొఱత లేదు. కీర్తికాములకు కఱవేమి? పునాదిరాళ్ళను లెక్కపెట్టుకొన్నచో వానితోనే యొక కట్ట కట్టవచ్చును. రెండవ అంగమైన జలశాస్త్రజ్ఞులును కళాశాలలనుండి ఏటేట బయలుదేరుచున్నారు. తెగిపోయినది పండ్రెండవది.

ఆ జనసమూహ మెవరు? మొదటివారు వడ్డెరలు. పలుగు, పార, గాడిద వారి సొత్తు. ఏ మన్ను నీటిని పట్టును, ఏది జారును, ఏ పొరపై ఏ పొర వేసి తడిపి త్రొక్కించవలెను అనునది తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన విద్య. త్రవ్విన గుంతలో అక్కడక్కడ మట్టిదిమ్మలను విడిచి, వాని యెత్తునుబట్టి పని కొలిచి కూలి తీసికొనెడివారు. నేడు ఆంధ్రప్రదేశపు వెనుకబడిన తరగతుల పట్టికలో వారిది మొదటి వర్గము. రాయలసీమ చెరువులను కట్టిన చేతులకు ఆ చెరువుల క్రింద సెంటు భూమియైన లేకపోవుట సామాన్యము.

రెండవవాడు నీరుగంటి. ఏ దినమున ఏ మడికి నీరు, తూము ఎన్ని రంధ్రములు తెఱవవలెను, చెరువు సగమునకు తగ్గినప్పుడు ఎవరి భూమిని విడిచి ఎవరి భూమిని తడుపవలెను అనునది వాని తీర్పు. రైతు తానే మడవ విప్పుకొనరాదు. నీరుగంటికి సొంత భూమి లేకుండుటయే యాతని నిష్పక్షపాతమునకు పూటకాపుగా నుండెను. పంట కల్లములో వానికి మేర ముట్టుచుండెను. మూడవది దశబంధము. చెరువు త్రవ్వించినవానికి, లేక గండిపడిన చెరువును బాగుచేయించినవానికి, దానిక్రింది భూమిలో కొంత భాగము ఇనాముగా విడుచుట. చెరువును చక్కగా నిలుపుచున్నంతవఱకు ఆ ఫలము వానిదగుట. మన కడపసీమలోను చుట్టుప్రక్కల జిల్లాలలోను ఇది విశేషముగా నుండెను. వ్యయము పెట్టినవాని బ్రతుకును కట్ట బ్రతుకుతో ముడివేసిన ఏర్పాటిది.

ఇట్లు చెప్పుచున్నామని, పూర్వకాలమంతయు రామరాజ్యమని మేము చెప్పుచున్నట్లు తలపకుడు. నీరుగంటి పెక్కుగ్రామములలో మాల మాదిగలలోనివాడు. ఊరి పొలమునకంతటికి నీరు పంచు చేయి ఊరి బావిలో చేద వేయరాదు! కట్టపనిలో వెట్టియు ఉండెను. కావున పాతదానిని పాతినచోటనుండి త్రవ్వి యథాతథముగా నిలబెట్టుడని మేము కోరము. ఆ విద్యను గౌరవించి ఆ అవమానమును విడువవలెనని కోరెదము.

1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తము చేసెను. మన్రోదొర ఏడేండ్లు ఇచ్చట కలెక్టరుగా నుండి రైతువారీ పన్ను స్థిరపఱచెను. చెరువు సర్కారుదయ్యెను, మరమ్మతు గ్రామస్థుల బాధ్యతయై మిగిలెను. హక్కు పోయినపిదప బాధ్యతను ప్రేమించువా డెవడు? గ్రామస్థులు కట్టలను విడిచిరని దొరలు నొచ్చుకొని, 1858లో చెన్నపట్టణమున నిర్బంధపు పనిచట్టము చేసిరి. నూఱేండ్లక్రితము ఇష్టముతో జరిగిన పనికి చట్టపు కొరడా వచ్చినదన్నచో, నడుమ ఏది చచ్చినదో మీరే ఊహింపవచ్చును.

అటుపిమ్మట మన సీమకు వచ్చిన పెద్ద పథకము కర్నూలు–కడప కాలువ. చెన్నపట్టణపు ఇరిగేషన్ కంపెనీ యను లండను వర్తకసంఘము, పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి అయిదు వడ్డీ పూచీ పుచ్చుకొని, సుంకేసుల ఆనకట్టతో పని ఆరంభించినది. తుంగభద్రనుండి సుమారు 190 మైళ్ళు త్రవ్వి, కుందేటి లోయగుండ దింపి, మన ప్రక్కనున్న ఆదినిమ్మాయపల్లి ఆనకట్టమీదుగా కడపవఱకు తెచ్చిరి. నీరు వచ్చినది. రైతు పుచ్చుకొనలేదు!

ఏల? రైతు మూర్ఖుడని నాటి కాగితములలో వ్రాసికొన్నవారు కలరు. నిజ మది కాదు. కుందేటి లోయలోనిది నల్లరేగడి. ఒక్క మంచి పదునువాన చాలును. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి ఆ తడితోనే పండును. దానిని తడిసాగునకు మార్పవలెనన్న ఎరువు కావలెను, ఎద్దులు కావలెను, మడులు కట్టవలెను, పైగా నీటితీరువ. ఇంత చేసి, వేసవిలో కాలువ ఎండినచో గతి యేమి? రైతు లెక్క తప్పు కాదు. ఆ లెక్కను కాలువ త్రవ్వకముందు అడిగినవారు లేరు. వానలు చాలని ఏండ్లలో మాత్రము రైతులు కాలువను ఆశ్రయించిరి. 1876 మొదలు 1878 వఱకు డొక్కలు మాడ్చిన కఱవు వచ్చినప్పుడు దాని విలువ కొంత తెలిసినది. అప్పటికే కంపెనీ దివాలా త్రోవ పట్టినది. 1882లో ప్రభుత్వము దానిని కొనుక్కొనవలసి వచ్చినది. వడ్డీ భారము మన పన్నులమీద పడినది.

ఈ కంపెనీ వెనుకనున్న ఆలోచన కాటన్ దొరది. ఆ కాటనే ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు గోదావరికి ఆనకట్ట కట్టి కృతార్థుడయ్యెను గదా! అచ్చట జరిగినదేమి? ఇసుకలో పునాది వేయు విద్యను కావేరిపై చోళుల నాటి కల్లణనుండి తాము నేర్చుకొంటిమని ఆయనయే ఒప్పుకొనెను. వీణెం వీరన్న వంటి దేశీయుడు కుడిభుజమై నిలిచి వేలాది పనివారిని నడిపెను. వరినాటు నెఱిగిన డెల్టా రైతు నీటికై కాచుకొని యుండెను. దేశస్థుల విద్యను, దేశస్థుల అవసరమును కలుపుకొన్నచోట ఆయనకు గుడి కట్టినంత పేరు వచ్చినది. ఇంగ్లండులో వాటాలమ్మి, రేగడి రైతు నడుగక త్రవ్వినచోట అప్పు మిగిలినది.

తెల్లవాడు పోయెను. పద్ధతి పోయెనా? శ్రీశైలపు ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1984 నాటికి జలాశయము నిండినది. నూఱుకు పైగా గ్రామములు మునిగినవి. 1981లో ఇండ్లు విడువనివారిని పోలీసు బలముతో ఖాళీచేయించి యిండ్లు కూల్చిన సంగతి నాటివారు మఱువలేదు. ఆ నీరు మనకును వచ్చుచున్నది. ఆ నీటిని త్రాగుచు ఆ పనిని శపించుట మాకు చేతకాదు. కాని యొకమాట. మొదట 308 టీఎంసీలు పట్టిన ఆ జలాశయము నేడు 215 ప్రాంతమునే పట్టుచున్నది. మూడింట ఒకవంతునకు దాదాపుగా ఒండ్రు నిండినది. ఊరి చెరువులో ఒండ్రు చేరినప్పుడు వేసవిలో రైతులు బండ్లు కట్టి దానిని పొలమునకు తోలుకొనెడివారు. పూడిక తీయుటయు ఎరువు వేయుటయు ఒక్కటే పని. శ్రీశైలమునకు ఏ బండ్లు కట్టుదుము?

ఇక నల్లమల. కమలాపురమున కూర్చుండి నల్లమల మాట యేలయని మీలో కొందఱు తలపవచ్చును. ఆ కొండల పడమటి వాలున కురిసిన వాన వంకలై కుందేటిలో పడి మన పొలిమేరకు వచ్చుచున్నది. తూర్పు లోయలో కురిసినది సగిలేరై పోరుమామిళ్ళ, బద్వేలు మీదుగా పెన్నను చేరుచున్నది. మన నీటికి పుట్టినిల్లు ఆ యడవి. ఆ యడవికి ఆదివాసులు చెంచులు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశమున వారు 64 వేలకు కొంచెము పైబడియుండిరి. అహోబిలమున నరసింహుడు చెంచితను పెండ్లాడెనని పాడుకొను జాతి మనది; చెంచుతో మనకు వియ్యము దేవునివఱకే!

చెంచుపెంట ఎక్కడ వెలయును? నీరు దగ్గఱనున్నచోట. ఏ చెలమ వైశాఖమున నిలుచును, ఏ ఊట పై చెట్లు కొట్టినతోడనే ఎండును, ఏ వాగు ఒడ్డున త్రవ్విన మూరెడు లోతున నీరు తగులును అనునది వారికి జీవనమునకు సంబంధించిన తెలివి. ఏ పటములోను లేని పటమది. ఇట్టివారి గూడెమునకు నీటి వసతి కల్పింపబోవునపుడు జరుగుచున్నదేమి? అంచనా పట్టణమున తయారగును. బోరుబావి లారీ త్రోవ పోగలిగినచోట పడును, ఊటయున్నచోట కాదు. చేతిపంపు మర విరిగినచో బాగుచేయువాడు ఇరువది మైళ్ళ దూరమునుండి రావలెను. వాడు వచ్చువఱకు చెంచుస్త్రీ మఱల పాత చెలమకే పోవును. ఆ చెలమకు చుట్టు నాలుగు రాళ్ళు పేర్చి, పై వాలున నీరింకు గుంతలు త్రవ్వి, ఆ పని వారిచేతనే చేయించి, కూలి వారికే యిచ్చి, కావలి వారికే అప్పగించినచో ఎంత వ్యయము?

చట్టము లేదని చెప్పవలదు. 2006 అటవీహక్కుల చట్టము సమష్టి హక్కులలో నీటివనరులను చేర్చినది. అదే చట్టపు 3వ సెక్షను 2వ ఉపసెక్షను క్రింద చెరువులు, చిన్న నీటివనరులు, త్రాగునీటి గొట్టములు, వాననీటి కట్టడములు, చిన్న పంటకాలువలు మొదలగువానికై, ఒక్కొక్కటి హెక్టారునకు లోపడిన అటవీభూమిని, హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టకుండ ఇయ్యవచ్చును. నియమ మొక్కటే: గ్రామసభ సిఫారసు చేయవలెను. అనగా పండ్రెండవ అంగమును పార్లమెంటు చట్టములో వ్రాసినది! 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము ఇంకను ముందుకు పోయి, షెడ్యూలు ప్రాంతములలో చిన్న నీటివనరుల యేర్పాటును నిర్వాహమును స్థానిక పంచాయతీలకు అప్పగించినది. కాని ఇందొక వింత కలదు. కృష్ణకు ఆవల అమ్రాబాదు వైపు చెంచులు షెడ్యూలు ప్రాంతమున నున్నారు. ఇవతల పూర్వపు కర్నూలు, ప్రకాశము జిల్లాల వైపు చెంచుల గూడెములు అందు చేరలేదు. ఒకే జాతి, ఒకే యడవి, నడుమ నొక నది. ఆవలి యొడ్డున ఉన్న హక్కు ఈవలి యొడ్డున లేదు. ఈ యడవి 1983 నుండి పులుల అభయారణ్యము కూడ నగుటచే, గుంత త్రవ్వుటకును అటవీశాఖవారి అనుమతి కావలెను. పులి బ్రతుకవలెను, సందేహము లేదు. పులియు ఆ చెలమలోనే త్రాగును గదా! చెలమను కాపాడువాడు పులికి శత్రు వెట్లగును?

ప్రభుత్వములు ప్రజలను పిలువలేదని మేము చెప్పము. 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టము వచ్చినది. పదివేలకు పైగా నీటి సంఘము లేర్పడినవి. ఇది దేశమునకంతటికి మార్గదర్శకమని నాడు పేరు పొందినది. కాని ఓటు భూమిగలవానికే. కట్ట కట్టిన వడ్డెరకు, తూము కాచిన నీరుగంటికి, చెరువులో చేపపట్టు బెస్తకు, గుడ్డలుతుకు చాకలికి ఓటు లేదు. 2000లో 'నీరు–మీరు' అను కార్యక్రమము వచ్చినది. పేరు ముద్దుగా నున్నది. అంచనా వ్రాయునపుడు మాత్రము 'మేము', గుంత త్రవ్వునపుడు 'మీరు'!

మంచి పని జరిగినచోట మంచిదనుట మన విధి. 2003 ప్రాంతమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కడప, కర్నూలు చేరిన యేడు కఱవు జిల్లాలలో, ఆఱువందలకు పైచిలుకు పల్లెలలో రైతులే తమ భూగర్భజలమును కొలుచుకొనిరి. వానమానమును రైతే చూచును. బోరులో నీటిమట్టము రైతే కొలుచును. ఆ లెక్కలను ఊరిగోడపై వ్రాయును. కార్తెకు ముందు ఊరంతయు కూర్చుండి, ఈ యేడు భూమిలో నున్న నీ రింత, వరి వేసినచో ఇంత చాలదు, వేరుసెనగ కంది యైనచో చాలును అని తేల్చుకొందురు. ఎవనికిని ఆజ్ఞ లేదు, జరిమానా లేదు. లెక్క కన్నులయెదుట నుండుటచే పెక్కురు తమంతట పంట మార్చుకొనిరి. అక్షరము రాని స్త్రీలును నీటిమట్టము కొలుచుట నేర్చిరి. శాస్త్రజ్ఞుడు పరికరము నిచ్చెను, నిర్ణయము గ్రామమున కిచ్చెను. భాగస్వామ్యమన్న మాటకు మే మెఱిగిన అర్థ మిదియే.

దూరదేశమున నొకటి. పెరూ దేశపు రాజధాని లీమా ఎడారి యొడ్డున నున్న మహానగరము. దానికి పైనున్న ఆండీసు పర్వతములలో, ఇంకారాజులకు పూర్వమునుండియు కొండవాసులు 'అమూనా'లను రాతికాలువలు కట్టిరి. వానకాలపు వరదను అవి కొండవాలులోనికి మళ్ళించి ఇంకించును. ఆ నీరు వారములు, నెలలు గడచి, ఎండకాలమున దిగువ ఊటలలో పైకి వచ్చును. పట్టణమువారు వానిని చిరకాలము లెక్కచేయలేదు. నీటి కొఱత మెడకు చుట్టుకొన్నపిదప, పట్టణపు నీటిపన్నులో కొంతభాగమును తీసి, ఆ కొండగ్రామములతో కలిసి పాత కాలువలను బాగుచేయ మొదలిడిరి. దిగువవాడు త్రాగు నీటికి ఎగువవానికి ప్రతిఫల మిచ్చుట ఇందలి విశేషము. మన పెన్నలోను, పాపఘ్నిలోను పూర్వులు ఇసుకను చీల్చి త్రవ్విన ఊటకాలువలు ఆ కోవలోనివే. యంత్రము లేదు, చమురు లేదు. నది యెండినను ఇసుక క్రింది నీరు వాలువెంబడి పొలమునకు పారెడిది. ఏటేట ఊరంతయు కదలి కాలువ తీసికొనెడివారు. ఇసుకయే లారీలకెక్కి పోయినపిదప ఊట యెక్కడిది? ఇసుకను కాపాడుటకు 2002లో నీరు–భూమి–చెట్టు చట్టము వచ్చినది. చట్టము పుస్తకమున నున్నది. ఇసుక హైదరాబాదు, బెంగుళూరు మేడలలో నున్నది.

ఇంజనీరును తృణీకరించుట మా యుద్దేశమని యెవరైన ననుకొన్నచో పొరపాటు. 2021 నవంబరును తలచుకొనుడు. 19వ తేదీని చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట గ్రామములను ఊడ్చుకొనిపోయెను. పదులకొలది ప్రాణములు పోయినవి. అవే దినములలో ఎగువ వెలిగల్లు జలాశయమునుండి విడిచిన వరదకు మన పాపఘ్ని వంతెన కూలినది. అది మన కన్నులయెదుట జరిగినది. అట్టి వాన మన తాతల జ్ఞాపకములో లేదు. ఎంత వరదకు ఎంత మరువ కావలెనో తాతల అనుభవముతో మాత్రము తేల్చలేము. వాతావరణమే మాఱుచున్న కాలమున గణితము కావలెను, ఉపగ్రహము కావలెను, చదివిన ఇంజనీరు కావలెను. కాని అన్నమయ్య ప్రాజెక్టున ఏమి జరిగెను? అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పిరి. గణితమునకు లోపము లేకున్నను, బిగిసిన తలుపును వానకు ముందు ఎత్తి చూచువాడు లేడు. నీరుగంటి యున్న చెరువున తూము బిగిసినచో ఆ సాయంకాలమునకే ఊరికి తెలిసెడిది. తెలిసినపిదప ఊరు నిద్రపోయెడిది కాదు.

అనంతపురమున బుక్కరాయసముద్రపు కట్ట తెగనున్నప్పుడు ముసలమ్మ యను కోడలు తన ప్రాణ మర్పించి నిలిపెనని చెప్పుదురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథను కావ్యము చేసిరి. విని కన్నీరు పెట్టనివా రుండరు. కట్ట అంత బలహీనపడువఱకు ఊరి పెద్దలేమి చేయుచుండిరని యడిగినవారు మాత్రము తక్కువ. త్యాగమునకు గుడి కట్టుట సుళువు. ఏటేట కట్టకు మన్ను వేయుట కష్టము.

కావున మేము కోరునది పెద్దది కాదు. ఏ నీటిపనికైనను అంచనా వ్రాయకముందు, వ్రాసిన తరువాత కాదు, ఆ చోటి వడ్డెరలను, నీరుగంటులను, బెస్తలను, అడవియైనచో చెంచులను పిలిచి, వంకలను వారితో నడచి చూచి, వారు చెప్పినదానిని వారి పేరుతో కాగితమున చేర్చవలెను. వలదని వారన్నచో ఆ మాటకు విలువ యుండవలెను. ఔననుటకు మాత్రమే పిలుచుట పిలుపు కాదు. నీటి సంఘములలో భూమిలేనివారికిని ఓటు కావలెను. తూము కాచువానికి, గేటు కాచువానికి నెలజీతము కావలెను. ప్రమాదము తెలిసినప్పుడు పైయధికారి నడుగకయే దండోరా వేయు అధికారమును వానికి కావలెను. చెంచుగూడెములకు సమష్టిహక్కు పత్రములు ముందు, గొట్టములు తరువాత. నల్లమల ఇవతలి యొడ్డునకు ఆవలి యొడ్డు హక్కు రావలెను. దీనికి కోట్లు అక్కఱలేదు. కోట్లు వచ్చు పథకములే ముందు నడచును గనుక దీనికి ఆలస్యమగుచున్నదేమో!

మన ఊరి పని యొకటి మన చేతిలోనే యున్నది. మన చెరువులకు నీరు తెచ్చు వంకలలో కొన్నింటిని ఇండ్లు కప్పినవి, కొన్నింటిని దున్నకము మ్రింగినది, కొన్ని నాపరాతి గనుల చెత్తక్రింద పూడినవి. ఏవి యెక్కడ పాఱెడివో చెప్పగల వృద్ధులు ఇంకను కలరు, పదేండ్లకు ఉండరు. వచ్చు ఆదివారము ఉదయము గ్రామపటమును ఈ మందిరపు బల్లపై పఱచి యుంచెదము. వడ్డెరవాడనుండి ఇద్దఱు పెద్దలు, పూర్వము నీరుగంటి పని చేసిన యింటివారొకరు వచ్చుటకు ఒప్పుకొనిరి. వారు నడచుచు చూపుదురు, మన యువకులు గీయవలెను. ఎండ యెక్కకముందే బయలుదేరవలెను గనుక ఏడు గంటలకు వచ్చువారు సుద్దయు, త్రాడును, త్రాగు నీటిని తెచ్చుకొందురుగాక.